నీలం పట్టని గూళ్ళు

తుంపత్,
కెలంతన్, మలేసియా,
నవంబరు, వానలు మొదలైన వారం

ముద్దుల సూకి,

అస్సలాము అలైకుం. ఉత్తరం చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోను చెయ్యడానికి ఏం రోగం మా పెద్దక్క కాక్ లోంగ్‌కి అని నువ్వు గొణుక్కోవడం నాకు ఇక్కడికి వినిపిస్తోంది. ఫోను ఉన్నది అమ్మ మంచం పక్కన. నేను రిసీవర్ ఎత్తగానే అమ్మ టీవీ గొంతు తగ్గించేసి తస్బీహ్ తిప్పుతూ కూర్చుంటుంది. పూసలు తిరుగుతూనే ఉంటాయి గానీ చెవులు రెండూ నా దగ్గరే ఉంటాయి. వ్యాపారం గొడవలు ఆవిడ చెవిన పడితే ఇక నిద్రపోదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు.

నా పిట్టలకి మంచి రోజులొచ్చాయి. మీ బావ పోయాక ఆ పాత కొట్టు మేడని వాలిత్ పిట్టలకి వదిలేస్తానంటే అందరూ నవ్వారు. కడగొట్టుదానివి, నా చేతుల్లో పెరిగినదానివి, నువ్వు కూడా నవ్వావు. టేపు రికార్డర్‌లో పిట్టల కూతలు పెట్టుకుని మొగుడి కోసం చూసినట్టు ఆకాశంలోకి చూస్తోంది అన్నావు. ఇప్పుడొచ్చి చూడు. దూలాల నిండా గూళ్ళే, అన్నీ పిట్టలు తమ ఉమ్మితో కట్టినవే. చే మునా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వరండాలో కూర్చుని, నానబెట్టిన గూళ్ళలోంచి పట్టకార్లతో ఈకలు ఏరుతున్నారు. నలుగురూ రేవులో చేపలు కోసే పని మానుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళే.

పెనాంగ్ నుంచి తియో అనే వ్యాపారి టౌకే వచ్చి సరుకు చూశాడు. మందుల కొట్లకీ, గూళ్ళతో సూపు కాచే పెద్ద హోటళ్ళకీ సరుకు పంపేది ఆయనే. "అక్కా, చూడ్డానికి బాగానే ఉంది గానీ బజారులో సగం సరుకు దొంగది. గుడ్డు తెల్లసొన, సముద్రపు పాచి, పంది తోలు జిగురు, ఏది దొరికితే అది పోసి గూడు చేసేస్తున్నారు. ల్యాబు కాగితం లేనిదే నేను ముట్టుకోను" అన్నాడు. ఏ ల్యాబు అంటే నువ్వు పనిచేసే చోటే చెప్పాడు. నాకు నవ్వాగలేదు.

కాగితం బాగా వస్తే ఏడాది పొడుగునా నా సరుకంతా ఆయనే తీసుకుంటాడు. రాకపోతే ఈ ఆడవాళ్ళు మళ్ళీ రేవుకి పోవాలి, నేను దొంగ గూళ్ళదాన్నని ఊళ్ళో పేరు తెచ్చుకోవాలి. అందుకే బస్సు డ్రైవరు చేతికి పొట్లం ఇచ్చి పంపిస్తున్నాను. నీ చేత్తోనే చెయ్యి. వేళకి తిను.

నీ కాక్ లోంగ్,
జైతూన్


పెనాంగ్,
నవంబరు

ప్రియమైన కాక్ లోంగ్,

వ అలైకుం సలాం. పొట్లం అందింది. దాని మీద నువ్వు చుట్టిన టేపు విప్పడానికే నాకు సగం పూట పట్టింది. లోపల బంగారం ఉందనుకుని డ్రైవరు కూడా భయపడ్డట్టున్నాడు, నా చేతిలో పెట్టి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ముందే చెప్పేస్తున్నాను, ఇది మా అక్క సరుకని మా ల్యాబు పెద్దావిడ పువాన్ రోహాయాకి చెప్పాను. దాచిపెట్టి చేస్తే రేపు ఇద్దరికీ చెడ్డపేరు. ఆవిడ ఆలోచించి, "పని నువ్వే చెయ్యి సల్మియా, గూళ్ళ మీద నీకున్న చెయ్యి ఇక్కడ ఎవరికీ లేదు. చూసేది నేను, సంతకం పెట్టేది నేను" అంది. కాబట్టి నీకు నా వల్ల మంచీ లేదు, చెడూ లేదు.

నేనేం చేస్తానో నీకెప్పుడూ చెప్పలేదు కదా. గూడుని నూరి, ఉడికించి, ఆ నీళ్ళు చుక్క తీసుకుని జెల్ పలకలో పోస్తాం. జెల్ అంటే అగర్ జెల్లీ లాంటిదే, ఇంకా పల్చన. దానికి కరెంటు పెడితే ప్రోటీన్లు పైనుంచి కిందికి నడుస్తాయి, బరువైనవి వెనకబడతాయి, తేలికవి ముందుకి పోతాయి. అవి కంటికి కనిపించవు. అందుకని జెల్‌ని నీలం రంగులో నానబెట్టి, తర్వాత ఆ రంగుని మెల్లగా దించుతాం. ప్రోటీన్ ఉన్నచోట నీలం గీతలు మిగిలిపోతాయి. నా వేళ్ళకీ మిగిలిపోయాయి. కింద అన్నం కొట్టాయన చూసి, "కెలంతన్‌వాళ్ళు ఎక్కడికెళ్ళినా తెలాంగ్ పూలు పిసికి నీలం అన్నమే వండుకుంటారా" అన్నాడు.

మొదటి జెల్‌లో నీ గూడు పాలిపోయి కనిపించింది. పక్కన పోల్చడానికి పెట్టిన గుడ్డు తెల్లసొన మాత్రం దిట్టంగా రంగు పట్టింది. నువ్వు కంగారు పడతావని తెలుసు, పడకు. అసలైన గూడే ఇలా చేస్తుంది. ఉమ్మిలోని ప్రోటీన్ ఒళ్ళంతా చక్కెర పూసుకుని ఉంటుంది, నీలానికి పట్టు దొరకదు. దానికి వేరే రంగుంది, చక్కెరని పట్టుకునేది, గులాబీగా తేలుతుంది. ఆ సీసా తెప్పిస్తున్నాం. అది అయ్యాక రాస్తాను.

అమ్మకి సలాం చెప్పు.

నీ సూ


తుంపత్,
డిసెంబరు

సూ,

పాలిపోయింది అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. తర్వాత నువ్వేం రాశావో నాకు బుర్రకెక్కలేదు. చక్కెర పూసుకోవడమేమిటే, అది పిట్టా పెళ్ళికూతురా?

ఇక్కడ వాన ఆగడం లేదు. వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. పిట్టలకేం, వాటి మేడ వాటిది. ఏరిన గూళ్ళు ఆరక నేను ఛస్తున్నాను. ఫ్యాన్ల కింద పెట్టినా మెత్తగానే ఉంటున్నాయి. ఏరేటప్పుడు ముక్కలైపోయిన గూళ్ళని అచ్చులో పెట్టి మళ్ళీ గిన్నెలా చెయ్యాలి కదా, ఎండాకాలంలో అయితే వాటి జిగురుకి అవే పట్టుకుంటాయి. వానలు మొదలైనప్పటి నుంచి అచ్చు తియ్యగానే విడిపోతున్నాయి. తియోకి నిండు గిన్నెలే కావాలి, ముక్కలైతే చవగ్గా అడుగుతాడు.

ఆయన ఫోను చేశాడు. నేను తెలివిగా "జెల్ నడుస్తోంది" అన్నాను. "ఎక్కడికి నడుస్తోంది" అన్నాడు. నాకేం తెలుసు. అమ్మ వెంటనే "ఎవరు నడుస్తున్నారు, ఎక్కడికి" అని మొదలుపెట్టింది. సూకి సంబంధం వచ్చింది, అబ్బాయి ఇంటిదాకా నడిచి వచ్చాడట అని చెప్పేశాను. ఇప్పుడు నమాజు తర్వాత నీ పెళ్ళికి దువా చేస్తోంది. ఆ పాపం నీది.

నువ్వు పుట్టిన ఇల్లు ఇది. నేను దొంగ సరుకు చెయ్యనని రాయడానికి నీకు రంగులెందుకు? తొందరగా ముగించు. చే మునా రోజూ అడుగుతోంది, "కాగితం వచ్చిందా కాక్" అని. రేపు వస్తుంది అని పంపేస్తున్నాను.

కాక్ లోంగ్


పెనాంగ్,
డిసెంబరు

ప్రియమైన కాక్ లోంగ్,

ముందు మంచి మాట. గులాబీ రంగు వచ్చింది. నీలానికి దొరకని గీతలన్నీ ఎక్కడ ఉండాలో అక్కడ గులాబీగా తేలాయి. నీ గూళ్ళు అసలైనవి, పిట్టలు కట్టినవి, అందులో సందేహం లేదు. పువాన్ రోహాయా కూడా లైటు పెట్టె మీద పెట్టి చూసి, "అందమైన జెల్" అంది. ఆవిడ నోట అందమైన అన్న మాట నేను వినడం ఇదే మొదలు. చే మునాకి చెప్పు, సంతోషిస్తుంది.

ఇంకా కాగితం చేతికి రాలేదు. ఎందుకంటే ఇంకో మాట ఉంది.

గులాబీ జెల్ పక్కన పెట్టడానికి నీలం జెల్ మళ్ళీ ఒకటి చేశాను. మామూలుగా నీలాన్ని దించడానికి మిథనాల్ కలిపిన పుల్లనీళ్ళు వాడతాం. వరదలకి లారీలు ఆగిపోయి మిథనాల్ రాలేదు. సరేలే అని ఉత్త ఎసిటిక్ ఆమ్లం నీళ్ళలోనే వేసి, రంగు పీల్చుకోవడానికి స్పాంజి ముక్కలు పడేసి వదిలేశాను. చాలా నెమ్మదిగా దిగింది. పొద్దున వచ్చి చూస్తే నీ గూడు పోసిన వరసలో, పైభాగాన, మాంగుస్తీన్ తొక్కలా ఊదా రంగులో ఒక మరక. గీత కాదు, జారినట్టుగా ఉంది. తక్కిన జెల్ అంతా నీలం, అదొక్కటే ఆ రంగు. గుడ్డు వరసలో లేదు. మా దగ్గర దాచిన వేరే గూళ్ళ వరసలో కూడా లేదు.

మా కెమెరా తీసేది నలుపు తెలుపు ఫొటో. అందులో అది మామూలు బూడిద మరకలా కనిపిస్తుంది. కంటితో చూస్తేనే తెలుస్తుంది.

ఒక్కటి అడుగుతాను, అమ్మకి తెలియకుండా రాయి. అచ్చుల్లో ముక్కలు అతకడానికి ఏం వాడుతున్నారు?

నీ సూ


తుంపత్,
డిసెంబరు

మా చదువుల సూకి,

అల్ హందులిల్లాహ్. నీ ఉత్తరం వచ్చిన పూటే బియ్యప్పిండి అట్లు పోయించి ఆడవాళ్ళకి పంచాను. చే మునా ఏడ్చేసింది. దాని మొగుడు పక్షవాతంతో పడుకున్నాడు కదా, ఈ పని పోతే దానికి వేరే దారి లేదు. అమ్మకి అట్లు ఎందుకో తెలియలేదు. నీ పెళ్ళి కుదిరిందనుకుంటోంది.

అచ్చుల్లో ఏం వాడతామని అడిగావు. నీళ్ళు. మరేం వాడతాం? గూడుని నీళ్ళలో నానబెడతాం, నీళ్ళలో కడుగుతాం, నీళ్ళతో అతుకుతాం. మన బావి నీళ్ళే. మరక సంగతి నువ్వే చూసుకో. ఏదో కడగని గిన్నెలో పెట్టి ఉంటావు. చిన్నప్పుడు కూడా నువ్వు గిన్నెలు కడిగితే అమ్మ మళ్ళీ కడుక్కునేది. లేకపోతే మాంగుస్తీన్ తిన్న చేత్తో ముట్టుకుని ఉంటావు.

అయినా నాకు తెలియక అడుగుతాను, ఫొటోలో లేనిదాన్ని పనిగట్టుకుని కంటితో చూడ్డమెందుకు? తియో చూసేది కాగితాన్ని, కాగితం మీద ఉండేది ఫొటో. గూడు అసలైనదని నువ్వే రాశావు. ఆ ఒక్క ముక్కే కాగితం మీద రాయించి పంపెయ్యి, పని అయిపోతుంది.

వర్షం కాస్త తగ్గింది. పక్కవీధి వాళ్ళ గొర్రె మన మేడ మెట్లెక్కి దిగలేక అరుస్తుంటే అందరం కలిసి దింపాం. నీకు ఎండు చేపలు, నువ్వు అన్నంలో కలుపుకునే చేపల ఊట బుడు సీసాడు పంపుతున్నాను. సీసా మూత గట్టిగా బిగించాను, అయినా నిటారుగా పెట్టు.

కాక్ లోంగ్


పెనాంగ్,
జనవరి

కాక్ లోంగ్,

బుడు అందింది. సీసా కారలేదు.

నేను గిన్నెలు సరిగ్గా కడగలేదేమోనని నాకూ అనిపించింది. కొత్త గిన్నెలో, కొత్త రంగుతో మళ్ళీ చేశాను. నువ్వు పంపిన పొట్లంలోంచి అచ్చులో పెట్టిన గిన్నె ఒకటి, అచ్చు ముట్టని నిండు గూడు ఒకటి వేరువేరుగా నూరాను. నిండు గూడులో మరక లేదు. అచ్చు గిన్నెలో ఉంది. ఇంకో వరసలో బేకరీలో వాడే జెలటిన్ పొడి పోశాను. ఆ రెండు మరకలూ ఒకటే రంగు.

అది ఉడికించిన తోలు. తోలులోని ప్రోటీన్‌కి నీలం వేస్తే, మిథనాల్ లేని నీళ్ళలో దించినప్పుడు, ఆ రంగు తేలుతుంది. లారీ వేళకి వచ్చి ఉంటే నాకు తెలిసేదే కాదు. వచ్చి ఉంటే బాగుండునని నేను అనుకోలేదని చెప్పను.

కానీ నేనొక్కదాన్నే చూడలేదు. పువాన్ రోహాయా టీ కప్పు పట్టుకుని వచ్చి, వంగి, "ఇదేమిటి?" అంది. నేను చెప్పేశాను. ఆవిడ కాగితం మీద రాయబోయేది ఇదీ: అసలైన గూడు, జంతువు తోలు నుంచి తీసిన జెలటిన్ కలిసి ఉంది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాయదు, తక్కువ రాయదు.

నన్ను పీడిస్తున్నది ఆ తోలు అన్న మాటే. ఆవుదో, గేదెదో, చేపదో, పందిదో ఈ రంగు చెప్పదు. అది చెప్పే పరీక్ష మా దగ్గర లేదు. రంగు చెప్పకపోయినా జనం చెప్పేసుకుంటారు. తియో మొదటిరోజే పంది తోలు అన్నాడు. మన ఊళ్ళో ఆ కాగితం ఎవరైనా చదివితే ఏమనుకుంటారో నీకు నేను చెప్పనక్కర్లేదు.

నీకు ఒక దారి ఉంది, సరుకు వెనక్కి తీసుకుంటానని రాసివ్వొచ్చు. అప్పుడు కాగితం ఉండదు, తియో కూడా ఉండడు. ఏ దారైనా ముందు నాకు నిజం రాయి. ఏ తోలు? ఎవరు వేశారు?

సూ


తుంపత్,
జనవరి

సల్మియాకి,

ఉత్తరం చేరింది. వెనక్కి తీసుకోను. తీసుకుంటే తప్పు చేసినట్టే.

మన ఇంట్లో పంది తోలు ఉందేమోనని అడగడానికి నీకు చెయ్యి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నాన్న బతికుంటే ఆ ఉత్తరం చదివి నీ మొహం చూసేవాడు కాదు. అది ఆవు తోలు. పండక్కి మనం ఖుర్బానీ ఇచ్చిన ఆవుది, ఎండబెట్టి అటక మీద పెట్టుకున్నది. నీకూ పంపాను, వేయించుకుని తిన్నావు.

ఎవరు వేశారని అడిగావు కాబట్టి చెప్తున్నాను. అమ్మ వేసింది. కళ్ళు ఆనక ఈకలు ఏరలేకపోతోందని అచ్చుల దగ్గర కూర్చోబెట్టాను. గిన్నెలు విడిపోతుంటే పాత కాలపు అలవాటుగా తోలు ఉడకబెట్టిన నీళ్ళు పూసింది. బట్టకి గంజి పెట్టినట్టే అనుకుంది. మోసం అన్న ఆలోచన ఆవిడకి లేదు. నాకు నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

ఇప్పుడు ఆ ముసలిదాన్ని కూర్చోబెట్టి నీ వల్ల నా వ్యాపారం మునిగిందని చెప్పమంటావా? నువ్వు అడగకు. ఫోను చెయ్యకు. మీ పువాన్‌కి చెప్పి ఆ ఒక్క ముక్క తీసేయించు. నేను నీ ఫీజుల కోసం ఎవరెవరి ఇళ్ళలో బట్టలు కుట్టానో నీకు గుర్తుచెయ్యడం లేదు. అయినా గుర్తు తెచ్చుకో.

జైతూన్


పెనాంగ్,
జనవరి

కాక్ లోంగ్,

గుర్తుంది. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. నువ్వు కుట్టిన బట్టలతోనే నేను ఈ బల్ల ముందుకి వచ్చాను.

ఆ ముక్క తీసెయ్యడం కుదరదు. పువాన్ రోహాయాని అడిగాను, అడగకూడదని తెలిసీ అడిగాను. ఆవిడ కోప్పడలేదు. "నీ స్థానంలో నేనున్నా అడిగేదాన్ని. అయినా తియ్యను" అంది. తర్వాత ఆవిడే ఒక దారి చెప్పింది. కాగితం పంపినవాళ్ళకే వెళ్తుంది, అంటే నీకే. తియోకి నేరుగా వెళ్ళదు. ఆయన అడిగేలోపు నువ్వే పిలిచి చెప్పు. ఆవు తోలు నీళ్ళు పూశామని, తప్పు తెలిసిందని, ఆ సరుకంతా పారేశామని చెప్పు. ఆయన ముందే పారెయ్యి. తర్వాత ఏమీ పూయని గూళ్ళు కొత్తగా పంపు, గిన్నెలు కాకపోయినా ఫరవాలేదు, ముక్కలే పంపు. దానికి వేరే కాగితం వస్తుంది. నీలమూ వేస్తాను, గులాబీ వేస్తాను, మిథనాల్ ఉన్నా సరే లేకుండానే దించుతాను.

తియో వ్యాపారస్తుడు. దాచినవాడిని వదిలేస్తాడు గానీ ముందుగా చెప్పినవాడిని వదులుకోడు.

అమ్మ వేసిందన్నావు కాబట్టి అమ్మ అనే చెప్పు. పెద్దావిడ, పాత అలవాటు అంటే ఎవరూ తప్పుపట్టరు. నీ మీదకి వస్తే దుకాణం మీదకి వస్తుంది, చే మునా వాళ్ళ మీదకి వస్తుంది. అమ్మ మీదకి వస్తే నవ్వి ఊరుకుంటారు. అచ్చుల పని అమ్మ ఎప్పటి నుంచి చేస్తోందని నేను అడగను.

సూ


తుంపత్,
ఫిబ్రవరి

నా బంగారు సూకి,

నీ నోట్లో పంచదార పొయ్య. అంతా నువ్వన్నట్టే జరిగింది.

తియో వచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ కూడా అక్కడే కుర్చీలో ఉంది. ముందురోజు నీ ఉత్తరంలో ఆ భాగం అమ్మకి చదివి వినిపించాను, సూ కూడా ఇదే మంచిదంటోంది అని. తియో ఎదుట నేను "మా అమ్మే, తెలియక" అనగానే అమ్మ తల ఊపి, "అవును టౌకే, నేనే" అంది. ఆయన పగలబడి నవ్వాడు. "మాక్ చిక్, ఇకనుంచి తోలు మీరే వేయించుకు తినండి, నాకు గూళ్ళు చాలు" అన్నాడు. ఆడవాళ్ళు కూడా నవ్వారు. పాత గిన్నెలన్నీ ఆయన కళ్ళ ముందే కాలవలో పోశాను. పోస్తుంటే నా ప్రాణం పోయినంత పనైంది.

కొత్త సరుకు కాగితం నిన్న చేరింది. అసలైన గూడు, వేరే ఏ ప్రోటీనూ లేదు. చదివి చదివి మడతలు పడిపోయింది. తియో ఏడాదికి మాటిచ్చాడు. చే మునా కొత్త పట్టకారు కొనుక్కుంది.

నేను పోయిన ఉత్తరంలో రాసిన మాటలు మనసులో పెట్టుకోకు. బట్టలు కుట్టిన సంగతి ఎత్తకుండా ఉండాల్సింది. వానల్లో ఎవరికైనా బుర్ర పాడవుతుంది.

అమ్మ ఈమధ్య తక్కువ మాట్లాడుతోంది. చలికి ఒళ్ళు నొప్పులేమో. నేను ఫోను ఎత్తినా టీవీ గొంతు తగ్గించడం లేదు.

నీ కాక్ లోంగ్


తుంపత్,
ఫిబ్రవరి, జుమ్మా నమాజు తర్వాత

నా చిన్న కూతురు సల్మియాకి,

అస్సలాము అలైకుం. మీ అక్కలా నాకు కొత్త అక్షరాలు రావు. నాకొచ్చింది అరబ్బీ అక్షరాల జావీ రాతే. నీకు చిన్నప్పుడు మన నమాజు ఇల్లు సురావ్‌లో నేర్పించాను, ఇంకా చదవగలవనే అనుకుంటున్నాను. వేళ్ళు సరిగ్గా పట్టు చిక్కక రెండు మూడు పూటలుగా రాస్తున్నాను. వంకరలుంటే సర్దుకుని చదువు.

ఇక్కడ అంతా బాగుంది. మీ అక్క పని బాగా నడుస్తోంది. నువ్వు సాయం చేశావని చెప్పింది. అల్లా నీకు మేలు చెయ్యాలి.

తోలు నేను వెయ్యలేదు. నీకు తెలియాలని రాస్తున్నాను, మీ అక్క మీద చాడీ చెప్పడానికి కాదు. వెనక వంటింట్లో పెద్ద గిన్నెలో మీ అక్క తోలు ఉడకబెట్టడం నేను చూశాను. అమ్మా, ఊరికే కాస్త పట్టు కోసం అంది. తినే వస్తువే, మన ఆవుదే, నేనూ వద్దనలేదు. అంతవరకూ నా తప్పూ ఉంది.

టౌకే ముందు నన్ను చూపించినప్పుడు అవునన్నాను. నలుగురిలో కూతురు అన్నమాటని కాదనడం నాకు చేతకాలేదు. ముసలిదాన్ని కదా, ఇక నా పేరుతో ఎవరికి పని అనుకున్నాను.

నీకు తెలుసు, ఈ చుట్టుపక్కల ఏ ఆడమనిషి కన్నుమూసినా కడసారి స్నానం చేయించడానికి నన్నే పిలుస్తారు. మీ అమ్మమ్మ తర్వాత ఆ పని నాకు వచ్చింది. పోయినవారం మెక్ యా చనిపోయింది. నమాజు వరసలో నా పక్కన నిలబడే మనిషి. తన స్నానం నేనే చేయించాలని నా చేత మాట తీసుకుంది. నేను కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసుకుని, తెల్లగుడ్డ తీసుకుని వాకిట్లో కూర్చున్నాను. ఎవరూ రాలేదు; వరండాలో నవ్విన మాట అప్పటికే ఊళ్ళో తిరిగింది. వకాఫ్ భారు ఊరి నుంచి వేరే ఆవిడని పిలిపించుకున్నారు. తర్వాత మెక్ యా కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మాక్ చిక్, మీకు వయసైపోయింది, ఇక విశ్రాంతి తీసుకోండి" అంది. మంచి పిల్ల, మర్యాదగానే అంది. నా చెయ్యి పట్టుకుని, తర్వాత వెళ్ళి కుళాయి దగ్గర తన చేతులు కడుక్కుంది. మట్టితో ఒకసారి, మళ్ళీ నీళ్ళతో పదేపదే. అలా ఎప్పుడు కడుగుతారో నీకు చెప్పాలా?

పంది అన్న మాట ఎవరూ నాతో అనలేదు, అనరు కూడా. అంటే కాదని చెప్పుకునేదాన్ని.

మీ అక్క సంగతి నాకు అర్థమవుతుంది. భయపడింది, దాని మీద నలుగురి కూడు ఆధారపడి ఉంది. నీ సంగతే నాకు అంతుచిక్కలేదు. నువ్వు ఇంటికి వచ్చినప్పుడల్లా నా బజూ చొక్కా బొత్తాలు పెట్టేది నువ్వే. అన్నం ముద్ద కలిపిచ్చేది నువ్వే. ఈ వేళ్ళు వంగవని మీ అక్క కన్నా నీకే బాగా తెలుసు. ఆ సన్నటి ముక్కలు అచ్చులో పేర్చడం ఈ వేళ్ళకి చేతనవుతుందా? నీకు తెలిసే 'అమ్మ అనే చెప్పు' అని రాశావు. అక్క చదివి వినిపించినప్పుడు మళ్ళీ చదవమన్నాను.

నాకు కోపం లేదు. బాధ ఉంది, లేదంటే అబద్ధమవుతుంది. మీ ఇద్దరిలో ఒక్కరైనా ముందు నన్ను అడగాల్సింది. అడిగితే నేను ఒప్పుకునేదాన్నేమో కూడా.

ఆ తోలు ఏ జంతువుదో నీ రంగు చెప్పదని మీ అక్క చెప్పింది. ఉడకబెట్టింది ఎవరో అసలే చెప్పదు. అది మీ నోటితో మీరే చెప్పాలి, తియోకి కాదు, సురావ్‌లో ఆడవాళ్ళ వరస ముందు. అక్కకి ఇంకా ఈ మాట నేను చెప్పలేదు. ఒక్కర్తే నిలబడలేదు, నువ్వు పక్కనుండాలి.

గురువారం బస్సు ఎక్కు. మెక్ యా అక్క కూడా మంచంలో ఉంది, ఎక్కువ రోజులు ఉండదంటున్నారు. ఆమె కడసారి స్నానానికైనా నన్ను పిలవాలి.

మీ అమ్మ